టోపీ కింద మాట

ఆ ఓడరేవు పట్నంలో, నెత్తిన పద్ధతైన ఫెల్ట్ టోపీ లేని మనిషి మాట ప్రభుత్వ కార్యాలయాల్లో వినపడటం మానేసి అప్పటికి ఏడాది దాటింది. పెదవులు కదిలేవి, మెడ నరాలు ఉబ్బేవి, శబ్దం మాత్రం వచ్చేది కాదు. గేటు దాటి రోడ్డు మీదికి రాగానే అదే మనిషి అదే గొంతుతో టీకొట్టువాణ్ణి పిలిచి చక్కెర తక్కువ వెయ్యమని చెప్పగలిగేవాడు. గొంతుల్లో లోపం లేదని వైద్యులు, గోడల్లో లోపం లేదని ఇంజనీర్లు నివేదిక ఇచ్చారు. లోపం ఎక్కడా లేదని తేలాక దాన్ని పద్ధతిగా నమోదు చేసుకున్నారు.

మొదట్లో జనం రకరకాలుగా ప్రయత్నించారు. తలపాగా చుట్టుకొచ్చిన రైతుల మాట ఎక్కడో దూరంగా మోటారు తిరుగుతున్నట్టు వినపడేది, అక్షరాలు విడేవి కావు. మోటారు సైకిల్ హెల్మెట్‌లోంచి దగ్గు మాత్రం వచ్చేది. కాగితం మీద రాసి ఇస్తే తీసుకునేవారు, కాని అర్జీలో ఉన్నది అర్జీదారు నోటితో చెప్పి ధ్రువపరచాలనే నిబంధన ఎప్పటినుంచో ఉంది. దాన్ని ఇప్పుడు కొత్తగా తీసెయ్యడానికి ఎవరికీ అధికారం లేదు. ఆడవాళ్ల కోసం వేరే ఉత్తర్వేమీ రాలేదు. ఇంట్లో మగవాడి టోపీ మాట్లాడితే ఇంటిల్లిపాదీ మాట్లాడినట్టేనని అందరూ అనుకున్నారు. టోపీ పెట్టడం అనే మాటకి ఊళ్లో ఉన్న పాత అర్థం నెమ్మదిగా పోయింది. ఫలానావాడు టోపీ పెట్టాడంటే, పాపం పనుండి కచేరీకి వెళ్లాడని అర్థం చేసుకునేవారు.

ఇప్పిలి జోగారావు సిటీ బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరైన మనిషి. బస్సు నిండా జనం ఉన్నప్పుడు వెనక మెట్టు మీంచి అతను వేసే కేక ఇంజను చప్పుడు దాటుకుని డ్రైవరుకి అందేది. దిగవలసిన స్టాపు మరిచిపోయి నిద్రపోయేవాళ్లు అతని గొంతుకే లేచేవారు. తన గొంతు మీద అతనికి గర్వమని చెప్పలేం, నమ్మకం ఉండేది. అందుకే కొండగోడ సంగతి చెప్పి రమ్మని భార్య పైడమ్మ పోరినప్పుడు, టోపీ అక్కరలేకుండానే తన మాట వినపడుతుందని అనుకున్నాడు.

వాళ్లుండేది కొండవాలు మీది పనసవీధిలో. వీధికి పైన కొండ మట్టి జారకుండా ఎప్పుడో కట్టిన రాతిగోడ ఒకటి ఉంది. కిందటి వర్షాలకి అది ముందుకి ఉబ్బింది. "గోడకి కడుపొచ్చినట్టున్నాది, సూడు. అసిరయ్యోలింటి మీద పడతాది," అంది పైడమ్మ. అసిరయ్య ఇల్లు సరిగ్గా గోడ కిందే. తెల్లవారకుండానే ఇడ్లీ బండి తోసుకుని వీధి దిగి, ఎండెక్కాక వచ్చి పడుకునే మనిషి అతను. జోగారావుని బావా అని పిలిచేవాడు. అతని భార్య గౌరమ్మకీ పైడమ్మకీ పొయ్యి దగ్గర మొదలైన స్నేహం. ఒకరింట్లో ఉప్పు లేదన్న సంగతి రెండో ఇంటికి ముందు తెలిసేది.

జోగారావు ఉత్త తలతో వెళ్లాడు. కిటికీ దగ్గర గుమస్తా అతని పెదవుల్ని మర్యాదగా చూశాడు. జోగారావు గొంతు పెంచాడు. వెనక వరసలో నిలబడ్డవాళ్లు అతని వీపు ఊగడం చూసి జాలిపడ్డారు. ఆఖరికి గుమస్తా తన టోపీ అంచుని ఒక వేలితో తాకి చూపించి, తర్వాతి మనిషిని పిలిచాడు. జోగారావు ఇంటికి వచ్చాడు. వీధిలోకి వెళ్లి ఊరికే ఒకసారి "పోనీ, రైట్" అని కేక వేసి చూసుకున్నాడు. కింద మలుపులో కుక్క తల తిప్పింది. గొంతు ఉంది.

రెండోసారి గేటు బయట అద్దెకిచ్చే ఉన్ని టోపీ పెట్టుకుని వెళ్లాడు. చవక టోపీల్లో కొన్ని అక్షరాలు పలకవని అప్పటికి అందరికీ తెలుసు, అతనికి తెలియదు. "పనసవీధి గోడ వాలిపోతోంది" అని అతను చెబితే "పనసవీధి ఓడ వాలిపోతోంది" అని గుమస్తాకి వినపడింది. అతను విన్నది విన్నట్టు రాసి రేవు విభాగానికి పంపాడు. రేవు విభాగం వారు శ్రద్ధగలవారు. ఆ పేరుగల ఓడ ఏదీ రేవులో లేదనీ, వచ్చినచో తగు చర్య తీసుకోబడుననీ జోగారావుకి జవాబు పంపించారు. ఆ జవాబు చదివించుకుని పైడమ్మ నవ్వలేదు. ఇంటికప్పు రేకులు మార్చడానికి దాచిన డబ్బు తీసి అతని చేతిలో పెట్టింది.

పాత బజారులో కరీముల్లా టోపీల దుకాణం ఉంది. అతని తండ్రి ఓడల మీద వచ్చే కెప్టెన్లకి టోపీలు అమ్మాడు. కెప్టెన్లు టోపీలు మానేశాక కరీముల్లా పెళ్లి బ్యాండు వాళ్లకీ నాటకాల వాళ్లకీ అమ్ముకుంటూ ఎలాగో నెట్టుకొచ్చాడు. ఇప్పుడు అతని గుమ్మం ముందు ఊరంతా నిలబడుతోంది. అయినా అతను తొందరపడే మనిషి కాదు. జోగారావుని స్టూలు మీద కూర్చోబెట్టి, కనుబొమలకి పైగా, చెవులకి తగలకుండా టేపు తిప్పాడు.

బిగుతైన టోపీలో మాట కీచుమంటుందనీ, వదులైన దాంట్లో ఎవరిదో మాటలా వినపడుతుందనీ చెప్పాడు. అంచు వెడల్పు మనిషి ముఖాన్ని బట్టి ఉండాలి. ఎక్కువైతే గొడుగు పట్టినట్టు, తక్కువైతే గిన్నె బోర్లించినట్టు ఉంటుంది. పొట్టివాళ్లకి పైభాగం కొంచెం ఎత్తు ఉండాలి. రిబ్బను ముడి ఎడమ వైపుకే రావాలి. రంగు దగ్గర మాత్రం అతను చాలాసేపు ఆలోచించాడు.

"నలుపు పెట్టుకెళ్తే చావు కబురు చెప్పడానికొచ్చారనుకుంటారు బాబూ. గోధుమరంగు వ్యాపారస్తులది. మీరు అడగడానికి వెళ్తున్నారు. అడగడానికి బూడిదరంగు."

పెట్టుకోవడం, తియ్యడం కూడా నేర్పాడు. పైన చిటికెతో పట్టుకుంటే ఫెల్టు చిరుగుతుంది, అంచు పట్టుకునే ఎత్తాలి. బల్ల మీద పెట్టినప్పుడు బోర్లించకూడదు, వెల్లకిలా పెట్టాలి. కుడి కనుబొమ మీదికి పిసరంత వంచితే చాలు, అంతకు మించితే పొగరు. జోగారావు అద్దంలో చూసుకున్నాడు. మాట వినిపించుకునే యోగ్యత ఉన్న ముఖం ఒకటి అందులోంచి అతన్ని చూసింది. అతనికి సంతోషం వేసింది. ఆ సంతోషం ఎందుకో బయటికి చూపించుకోబుద్ధి కాలేదు.

బూడిదరంగు టోపీ కింద అతని మాట కిటికీ దగ్గర గంటలా వినపడింది. గుమస్తా గోడని గోడగానే రాసుకుని ఇంజనీరు ఫణిభూషణరావు గదికి పంపించాడు. ఆ గది తలుపు మీద, పై అధికారుల సమక్షంలో టోపీ తీయడం మర్యాద అని బోర్డు ఉంది. అదీ పాత బోర్డే. జోగారావు టోపీ తీసి చేతిలో వెల్లకిలా పట్టుకుని లోపలికి వెళ్లి గోడ సంగతంతా చెప్పాడు. ఇంజనీరు టోపీ కింద నుంచి అతన్ని ఓపిగ్గా చూశాడు. జోగారావుకి విషయం అర్థమై, టోపీ పెట్టుకోవచ్చా అన్నట్టు సైగ చేశాడు. ఇంజనీరు విచారంగా తల అడ్డంగా ఊపాడు. గుమ్మం బయటికెళ్లి టోపీ పెట్టుకుని అక్కణ్ణుంచి చెప్పబోతే, వరండాలో అన్న మాట గుమస్తా పరిధిలోకి వస్తుందని బంట్రోతు ఆపాడు.

ఇంజనీరు చెడ్డవాడు కాదు. మధ్యాహ్నం భోజనానికి వెళ్తూ వరండాలో ఆగి తన ఇబ్బంది చెప్పుకున్నాడు. "మీ గోడ నేను రోజూ చూస్తూనే ఉన్నానండీ, మా ఇంటికి ఆ కిందనుంచే దారి. కాని నేను చూసింది చర్యకి ఆధారం కాదు, విన్నదే ఆధారం. నేనూ మా పెద్దసారు గదిలో టోపీ తీసే నిలబడతాను. నేను చేరినప్పటినుంచి ఆయన నా గొంతు వినలేదు." ఆ పెద్దసారు కూడా ఇంకా పైవారి ముందు టోపీ తీసేవారే. అందరికన్నా పైన ఉన్నాయన ఎవరి ముందూ టోపీ తీయనక్కరలేదు, అయితే ఆయన గదిలోకి వెళ్లేవాళ్లందరూ తీసే వెళ్తారు. ఆ గది చాలా ప్రశాంతంగా ఉంటుందని చెప్పుకుంటారు.

దారి ఇంజనీరే చూపించాడు. వార్డు సలహాదారులకి టోపీ తీయకుండా ఏ గదిలోనైనా కూర్చునే వెసులుబాటు ఉంది. పనసవీధి వార్డుకి సలహాదారు పదవి ఖాళీగా ఉంది. జోగారావు గొంతు బావుందనీ, టోపీ కుదిరిందనీ గుమస్తా మెచ్చుకోలుగా రాశాడు. ఒకటే షరతు. సలహాదారు అయ్యేవాడు టోపీ తలకి కుదురుకునేదాకా నిద్రలేచింది మొదలు పడుకునేదాకా దాన్ని తీయకూడదు. టోపీ కుదురుకున్నవారికి, టోపీ లేనివారి మాట వినపడుట క్రమంగా తగ్గుట సహజమని ఉత్తర్వులోనే ఉంది. జోగారావు అది చదివాడు. గోడ సంగతి తేలేదాకానే కదా అనుకుని ఒప్పుకున్నాడు.

పైడమ్మ మొదట్లో అతన్ని చూసి ముచ్చటపడింది. టోపీతో అన్నం తినేవాడు, టోపీతోనే పెరట్లో మొక్కలకి నీళ్లు పోసేవాడు. అసిరయ్య ఇడ్లీ పొట్లం చేతిలో పెట్టి, "దొరనాగున్నావు బావా, గోడ మాట మరిసిపోకు," అనేవాడు. కొన్నాళ్లకి అసిరయ్య మాటలో చివర్లు వినపడటం మానేశాయి. తర్వాత పైడమ్మ మాట పక్కింటి రేడియోలా సన్నబడింది. రాత్రి టోపీ తీశాక కాసేపటికి మళ్లీ స్పష్టంగా వచ్చేది. అప్పుడు ఆమె పగలంతా చెప్పినవన్నీ మళ్లీ చెప్పేది. వానలు దగ్గరపడే కొద్దీ టోపీ తీశాక మాట రావడానికి పట్టే సమయం పెరిగింది. ఒక్కోసారి ఆమె చెప్పడం మొదలుపెట్టే లోపే అతనికి నిద్ర పట్టేసేది.

నియామకం వచ్చింది. మొదటి సమావేశం పెట్టిన రోజు పొద్దుటినుంచి ఎడతెరిపి లేని వాన. పొడుగాటి బల్ల చుట్టూ బూడిదరంగు టోపీలు, నడుమ ఒకటి రెండు నల్లవి. జోగారావుకి వంతు వచ్చి లేచి నిలబడ్డాడు. గోడ ఎప్పుడు కట్టిందీ, ఎంత ఉబ్బిందీ, కింద ఎవరెవరి ఇళ్లు ఉన్నదీ వరసగా చెప్పసాగాడు. తన గొంతు ఆ గది నాలుగు మూలలా తగిలి తిరిగి తన దగ్గరికి వస్తుంటే అతనికి ఒళ్లు పులకరించింది. బస్సు దిగాక మళ్లీ ఇన్నాళ్లకి. ఇంజనీరు రాసుకుంటున్నాడు. పెద్దసారు ముందుకి వంగి వింటున్నాడు.

అప్పుడే తలుపు తోసుకుని పైడమ్మ వచ్చింది. చీర మోకాళ్లదాకా మట్టి. జుట్టు ముడి ఊడి ముఖానికి అంటుకుపోయింది. గుమ్మంలో నిలబడి ఏదో అంది. జోగారావుకి ఆమె నోరు కదలడం కనిపించింది. మిగతావాళ్లు కూడా చూశారు, మర్యాదగా చూపు తిప్పుకున్నారు. ఆమె మళ్లీ అంది. రెండు చేతులూ పైకెత్తి కిందికి దించింది.

టోపీ తీసి ఆమెతో గేటు బయటికెళ్తే ఆమె మాట కొంతసేపటికి వినపడేది. కాని తీస్తే తన మాట మధ్యలో ఆగిపోతుంది. ఇన్ని నెలలకి, ఇందరి ఎదుట, మొదటిసారి గోడ గురించి ఒక మాట పూర్తిగా వినపడబోతోంది. ఇంకో నాలుగు మాటలు చెబితే తీర్మానం అయిపోతుంది. జోగారావు అంచు దాకా వెళ్లిన చెయ్యి దించేసి, కూర్చోమన్నట్టు పైడమ్మకి కుర్చీ చూపించి, మాట కొనసాగించాడు. గోడ ఏ క్షణాన అయినా పడిపోయే ప్రమాదం ఉందన్నాడు.

పైడమ్మ కూర్చోలేదు. బల్ల చుట్టూ తిరిగి వచ్చి, భర్త టోపీని రెండు చేతులతో అంచు పట్టుకుని ఎత్తి తన తల మీద పెట్టుకుంది. అది ఆమె కనుబొమల దాకా దిగిపోయింది.

"గోడ పడిపోనాది. అసిరయ్య నోపలుండిపోనాడు. మనుసుల్ని పంపండి."

ఆ మాట గదిలో అందరికీ వినపడింది. వదులు టోపీలో మాట్లాడటం వల్ల అది ఎవరిదో మాటలా, ఎక్కడినుంచో వచ్చినట్టుగా ఉంది. ఇంజనీరు లేచి ఫోను దగ్గరికి నడిచాడు. గుమస్తా మాత్రం కలం ఎత్తి, ఈ వాక్యం ఎవరి పేరిట రాయాలని పెద్దసారుని అడిగాడు. టోపీ ఎవరి కొలతదో వారి పేరిటే అన్నాడాయన. జోగారావు చెప్పినట్టుగా రాశారు. గోడ పడకుండా చూడమన్న విజ్ఞప్తి, గోడ పడినందువల్ల ముగిసినట్టు తీర్మానించారు. పైడమ్మ టోపీ తీసి బల్ల మీద పెట్టి అప్పటికే వెళ్లిపోయింది. బోర్లించి పెట్టింది. జోగారావు దాన్ని వెల్లకిలా తిప్పి, దుమ్ము దులిపి, పెట్టుకుని ఆమె వెనక పరిగెత్తాడు.

అసిరయ్యని వీధిలోవాళ్లే గునపాలతోటీ చేతులతోటీ తవ్వి బయటికి తీశారు. అతను పొద్దున్న బండి తోసుకొచ్చి పడుకున్న మంచం మీదే ఉన్నాడు. గౌరమ్మ నీళ్లకి కిందికి దిగి ఉండటం వల్ల బతికింది. ఆమె ఏడుస్తుంటే వీధి మొత్తం విందని చెబుతారు. జోగారావు ఆమె ఎదురుగా నిలబడి ఆమె నోరు తెరుచుకోవడం, మూసుకోవడం చూశాడు. వాన చప్పుడు మాత్రం అతనికి బాగా వినపడింది. ఆ క్షణంలో టోపీ తీసి మట్టిలోకి విసరాలనిపించింది. విసరలేదు. గోడ పడ్డ చోటికి అధికారులు వస్తున్నారు. వీధి మొత్తానికి వాళ్లతో మాట్లాడగల టోపీ అదొక్కటే.

నిజానికి అది పనికొచ్చింది. విచారణలో, గోడ ప్రమాదం గురించి ముందుగా ఎవరైనా చెప్పారా అని అడిగితే, చెప్పినట్టు రికార్డులో ఉందనీ, చెప్పిన రోజు, పడిన రోజు ఒకటేననీ తేలింది. ఎవరి ఆలస్యమూ లేదు. ఆ ఏడే కొత్త గోడ మంజూరైంది. మంచి గోడ, ఇనుము వేసి కట్టారు. ప్రారంభోత్సవం నాడు జోగారావు మాట్లాడాడు. అసిరయ్య పేరు రెండుసార్లు తలుచుకున్నాడు. గొంతు వణికింది, ఆ వణుకు కూడా చివరిదాకా స్పష్టంగా వినపడింది.

టోపీ తీయవచ్చునని తర్వాత ఎవరూ అతనికి చెప్పలేదు, అతనూ అడగలేదు. కొండ మీద ఇంకా గోడలున్నాయి, కాలవలున్నాయి, దీపాలు వెలగని స్తంభాలున్నాయి. ఒకరు టోపీలో ఉంటేనే కదా జరిగేది. పడుకునే ముందు తీసినా ఇప్పుడు ఇంట్లో ఏమీ వినపడటం లేదు. అది చెవి వల్లా, పైడమ్మ మాట్లాడటం మానేయడం వల్లా అన్నది అతను తేల్చుకోలేదు. ఆమెని అడగవచ్చు. జవాబు వినపడకపోతే రెండింట్లో ఏది నిజమో మళ్లీ తెలియదు.

గౌరమ్మకి రావలసిన సాయం ఇంకా రాలేదు. ఒక ఆదివారం పొద్దున్న ఆమె వచ్చి జోగారావు ఎదురుగా నేల మీద కూర్చుంది. పైడమ్మ లోపలినుంచి వచ్చి ఆమె పక్కన కూర్చుంది. గౌరమ్మ అతని వైపు చూస్తూ చాలాసేపు చెప్పింది. మధ్యలో పైడమ్మ అందుకుని చెప్పింది. అంటే ఆమె మాట్లాడుతూనే ఉందన్నమాట. జోగారావు కుర్చీలో నిటారుగా కూర్చుని, టోపీ అంచు సర్దుకుని, ఆగవలసిన చోటల్లా తల ఊపాడు. సమావేశాల్లో అలవాటైన ఊపు, ఎక్కడా తప్పు పోలేదు. ఆ ఊపు చూసి గౌరమ్మ ముఖం కొంత తేటపడింది. కళ్లు తుడుచుకుని, చెప్పడం మొదటినుంచి మళ్లీ మొదలుపెట్టింది.